కొత్తగా వచ్చే పిల్లల్ని ఒకసారి క్యాంపస్ పోలీస్ ఆఫీసుకీ తీసుకెళ్లండి

అమెరికా యూనివర్సిటీల్లోని తెలుగు, భారతీయ విద్యార్థి సంఘాల కార్యవర్గాలకు,

నమస్కారం.

ఆగస్టు వచ్చిందంటే మీకు నిద్ర ఉండదని నాకు తెలుసు. ఎయిర్‌పోర్ట్ పికప్‌లు, టెంపరరీ అకామడేషన్, కుక్కర్ కూడా కొనుక్కోని పిల్లలకు మొదటి వారం భోజనాలు, సిమ్ కార్డు, బ్యాంక్ అకౌంటు... ఇవన్నీ మీ చదువులు, మీ ఉద్యోగ ప్రయత్నాల మధ్య పైసా తీసుకోకుండా చేస్తున్నారు. 2024-25లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. అందులో మనవాళ్లు ఎంతమందో మీ వాట్సాప్ గ్రూపులు చూస్తేనే అర్థమవుతుంది. మీరు లేకపోతే వాళ్లలో చాలామందికి మొదటి నెల గడవదు.

నేను టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీని ఆనుకుని ఉన్న అపార్ట్‌మెంట్లలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. మా కాంప్లెక్స్‌లో సగం మంది మన పిల్లలే. వాళ్లకు కష్టమొస్తే ముందు మీకు ఫోన్ చేస్తారు, మీరు ఎత్తకపోతే నాలాంటి వాళ్ల తలుపు కొడతారు. అందుకే చెబుతున్నాను. మీరు వాళ్లను వాల్‌మార్ట్‌కి తీసుకెళ్తారు, ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్తారు, గుడికి తీసుకెళ్తారు. క్యాంపస్ పోలీస్ ఆఫీసుకి మాత్రం తీసుకెళ్లరు. వచ్చిన మొదటి రెండు వారాల్లో ప్రతి కొత్త విద్యార్థినీ ఒక్కసారి ఆ గుమ్మం దాటించండి. ఆ నంబరు ఫోన్‌లో మీ నంబరు పక్కనే సేవ్ చేయించండి. నేను అడగదలచుకున్నది ఇదే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి కొంచెం చోటు పడుతుంది, ఓపికగా చదవండి.

మన పిల్లలు పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లరో మీకు వేరే చెప్పక్కర్లేదు. స్టేషన్ మెట్లెక్కితే పరువు పోతుందన్న మాట వింటూ పెరిగాం. ఫోన్ పోయినా, బండి పోయినా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటేనే కంప్లయింట్ రాయించుకుంటారన్నది మన అనుభవం. ఉస్మానియాలో చదివినవాళ్లకు క్యాంపస్‌లో పోలీసులంటే తెలంగాణ ఉద్యమం రోజుల లాఠీలు, టియర్ గ్యాసే గుర్తుకొస్తాయి. 2014లో తెలంగాణలో షీ టీమ్స్ వచ్చాక ఆడపిల్లల్లో ఈ బెరుకు కొంత తగ్గింది, కానీ ఇళ్లలో అమ్మానాన్నల మాట మారలేదు. "వాళ్ల జోలికి పోకమ్మా" అనే పంపిస్తారు. ఇక్కడ దిగాక మన సీనియరే ఇంకో మాట కలుపుతాడు: "పోలీసుల దాకా వెళ్తే వీసాకి ప్రాబ్లం అవుతుంది." ఈ రెండు భయాలూ కలిస్తే పిల్లలు నోరు మెదపరు. ల్యాప్‌టాప్ పోయినా చెప్పరు. ఎవడో వెంటపడుతున్నా చెప్పరు.

అసలు ఈ క్యాంపస్ పోలీసులు ఎవరో కూడా చాలామందికి తెలియదు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుల్లాంటివాళ్లు అనుకుంటారు. 1894లో యేల్ యూనివర్సిటీ కోసం న్యూ హేవెన్ నగర పోలీసులు ఇద్దరిని పెట్టడంతో ఈ పద్ధతి మొదలైంది. ఇవాళ పెద్ద యూనివర్సిటీల్లో వీళ్లు ప్రమాణం చేసి, తుపాకీ పెట్టుకుని, అరెస్టు చేసే అధికారం ఉన్న అసలు పోలీసులు. అమెరికా న్యాయశాఖ 2011-12లో చేసిన సర్వే ప్రకారం 2,500 మందికి మించి విద్యార్థులున్న నాలుగేళ్ల ప్రభుత్వ కాలేజీల్లో 92 శాతం చోట్ల ఇలాంటి పూర్తిస్థాయి పోలీసులున్నారు, ప్రైవేటు కాలేజీల్లో 38 శాతం చోట్లే ఉన్నారు. టెక్సాస్‌లో అయితే వీళ్లకు కూడా మిగతా పోలీసుల్లాగే రాష్ట్ర కమిషన్ లైసెన్సు ఉండాలి. కాబట్టి మీ క్యాంపస్‌లో ఉన్నది పోలీసు శాఖా, సెక్యూరిటీ విభాగమా అన్నది ముందు మీరు కనుక్కోండి. దాన్నిబట్టి వాళ్లు చేయగలిగేది మారుతుంది.

ఇక వాళ్లు రోజూ చేసే పనులు. సినిమాల్లో చూసే వాటికీ వీటికీ సంబంధం లేదు. సైకిల్‌నే తీసుకోండి. మన పిల్లలు వచ్చీరాగానే ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఓ పాత సైకిల్ కొంటారు, సన్న వైరు తాళం వేస్తారు, మొదటి మిడ్‌టర్మ్ లోపే అది పోతుంది. చాలాచోట్ల క్యాంపస్ పోలీసుల దగ్గర దాన్ని ఉచితంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. సైకిల్ తిరగేస్తే పెడల్స్ మధ్య గొట్టం అడుగున ఒక సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసుకుని, ఫ్రేమ్‌కి ఓ స్టిక్కర్ అంటించి ఇస్తారు. దొరికిన సైకిళ్లు వాళ్ల దగ్గర గుట్టగా పడి ఉంటాయి, ఏది ఎవరిదో తెలియక. నంబరు రాసి ఉన్నది మాత్రం ఇంటికి చేరుతుంది. చాలాచోట్ల ల్యాప్‌టాప్ వివరాలూ ఇలాగే నమోదు చేస్తారు. కారు బ్యాటరీ దిగిపోతే కేబుల్స్ తెచ్చి స్టార్ట్ చేసిపెట్టే శాఖలు ఉన్నాయి. ఉద్యోగం కోసమో లైసెన్సు కోసమో వేలిముద్రలు కావాలంటే తీసిపెట్టే శాఖలూ ఉన్నాయి. పోయిన వస్తువులు చేరే చోటు కూడా చాలా క్యాంపస్‌లలో అదే.

రాత్రి లైబ్రరీ నుంచి తోడు రావడం మరో పని. సేఫ్ వాక్ అనో, ఎస్కార్ట్ అనో, నైట్ రైడ్ అనో ఒక్కోచోట ఒక్కో పేరు. ఫోన్ చేస్తే ఓ ఆఫీసరో, వాళ్ల దగ్గర పనిచేసే విద్యార్థులో వచ్చి మీ హాస్టల్ దాకానో పార్కింగ్ దాకానో నడిచి వస్తారు, లేదా బండిలో దింపుతారు. కారణం చెప్పక్కర్లేదు. మన అమ్మాయిలు దీన్ని వాడుకోరు, "పాపం వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకు" అని. అర్ధరాత్రి రూమ్మేట్‌ని నిద్రలేపి రప్పించుకోవడానికైనా సిద్ధపడతారు గానీ ఆ నంబరు నొక్కరు. ఆ సర్వీసు నడిచేది వాళ్లు కట్టే ఫీజుతోనే అని మీరు చెప్పాలి.

నీలం లైటుతో నిలబడి ఉండే స్తంభాలను కూడా చూపించండి. బటన్ నొక్కితే నేరుగా క్యాంపస్ డిస్పాచర్‌కి, అంటే ఫోన్లు ఎత్తి ఆఫీసర్లను పంపేవాళ్లకి, వెళ్తుంది, ఎక్కడి నుంచి నొక్కారో వాళ్లకు తెలుస్తుంది. మొబైల్ నుంచి అత్యవసర నంబరు 911 కొడితే టవర్‌ను బట్టి ఆ కాల్ నగర పోలీసుల కాల్ సెంటర్‌కి పోవచ్చు. ఇంగ్లీషు గబగబా మాట్లాడలేని కంగారులో "బిల్డింగ్ పేరు, ఫ్లోర్ నంబరు" ముందు చెప్పాలన్న సంగతి గుర్తుకు రాదు. అది ముందే ఓసారి అలవాటు చేయించాల్సిన విషయం.

అన్నిటికన్నా నాకు విలువైనదిగా కనిపించేది ఇంకొకటి ఉంది. మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో పోలీసులు వెళ్లి చూసి రావడం. దాన్ని ఇక్కడ వెల్ఫేర్ చెక్ అంటారు. ఓసారి ఖమ్మం వైపు నుంచి ఒక అమ్మ నాకు ఫోన్ చేసింది. ఎవరి ద్వారానో నంబరు సంపాదించింది. కొడుకు రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు, వాట్సాప్‌లో రెండో టిక్కు పడటం లేదు. ఆమె అప్పటికే మీలాంటి సీనియర్లు అరడజను మందికి చేసింది. ఒకరు ఇంటర్న్‌షిప్‌లో వేరే రాష్ట్రంలో ఉన్నారు, ఒకరు "పొద్దున్నే వెళ్లి చూస్తా ఆంటీ" అన్నారు. ఆ అబ్బాయి క్యాంపస్ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటాడని తెలిసి, యూనివర్సిటీ పోలీసుల మామూలు నంబరుకు చేశాను, అత్యవసరానిది కాదు. డిస్పాచర్ పేరు, అపార్ట్‌మెంట్ నంబరు, తల్లి ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడింది, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా, మధ్యకాలంలో దిగులుగా ఉన్నాడా అని అడిగింది. గంట లోపే ఆఫీసర్ వెళ్లి తలుపు కొట్టాడు. అబ్బాయి ఒళ్లు కాలిపోయే జ్వరంతో పడి ఉన్నాడు, ఫోన్ ఛార్జింగ్ అయిపోయి మంచం కింద ఉంది. రూమ్మేట్స్ సెలవులకు ఊళ్లకు వెళ్లారు. ఆఫీసర్ అతనికి నీళ్లిచ్చి, అంబులెన్స్ కావాలా అని అడిగి, ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి "ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అన్నాడట. ఆ తల్లికి అప్పుడు తెల్లవారుజామున నాలుగు.

ఆ రోజు ఎవరి మీదా కేసు కాలేదు, ఎవరి వీసాకూ ఏమీ కాలేదు. ఇండియా నుంచి తల్లిదండ్రులు కూడా ఈ నంబరుకు నేరుగా చేయొచ్చు. 911 అక్కడి నుంచి పనిచేయదు, అందుకే డిస్పాచ్ మామూలు పది అంకెల నంబరు వాళ్ల దగ్గర ఉండాలి. మీరు తల్లిదండ్రులకు పెట్టే వాట్సాప్ గ్రూపుల్లో ఈ నంబరు పైన పిన్ చేసి పెట్టండి. అబ్బాయి ఉండేది క్యాంపస్ బయట అయితే ఆ ఊరి పోలీసుల నంబరు కూడా. ఇంతకు మించి ఆ తల్లులకు మనం చేయగలిగిన సాయం లేదనిపిస్తుంది నాకు.

ఇప్పుడు చట్టం ఇచ్చిన హక్కుల సంగతి. 1986 ఏప్రిల్ 5న పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని తన హాస్టల్ గదిలోనే అత్యాచారం చేసి చంపేశారు. చంపినవాడు అదే యూనివర్సిటీ విద్యార్థి. తమంతట తామే తాళం పడే తలుపులకు ఎవరో పిజ్జా డబ్బాలు అడ్డం పెట్టారు, వాటి గుండా లోపలికొచ్చాడు. ఆ క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల గురించి తమకెవరూ చెప్పలేదని ఆమె తల్లిదండ్రులు పోరాడితే 1990లో చట్టం వచ్చింది. ఇప్పుడు దాన్ని క్లెరీ చట్టం అంటున్నారు. దాని ప్రకారం ప్రతి యూనివర్సిటీ అక్టోబరు 1 లోపు గత మూడేళ్ల నేరాల లెక్కలతో నివేదిక ఇవ్వాలి. పోలీసు శాఖ గానీ సెక్యూరిటీ విభాగం గానీ ఉన్న ప్రతిచోటా రోజువారీ నేరాల చిట్టా ఉండాలి. గత 60 రోజులది ఎవరొచ్చి అడిగినా ఆఫీసు వేళల్లో చూపించాలి. విద్యార్థే కానక్కర్లేదు, నాలాంటి పొరుగువాళ్లు కూడా అడగొచ్చు. ముప్పు కొనసాగుతుంటే హెచ్చరిక పంపాలి. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మందిని కాల్చి చంపిన రోజు, మొదటి కాల్పులు జరిగిన రెండు గంటలకు గానీ ఈమెయిల్ రాలేదు. ఆ తర్వాతే ప్రమాదం తెలిసిన వెంటనే క్యాంపస్ అంతటికీ తెలియజేయాలన్న నిబంధన 2008లో చేర్చారు. మీ ఫోన్లకు వచ్చే అలర్టుల వెనక ఉన్నది ఆ 32 మంది. మన పిల్లలు కొందరు వాటిని స్పామ్ అనుకుని ఆపేస్తారు. ఇంకొందరు ఇండియా నంబరు ఇచ్చి మర్చిపోతారు, కొత్త సిమ్ తీసుకున్నాక మార్చరు. మీ పికప్ రోజునే పక్కన కూర్చుని ఆ నంబరు మార్పించండి.

అదే 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ అపార్ట్‌మెంట్‌లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులను ఇంట్లోకి చొరబడి కాల్చేశారు. అప్పుడు ప్రతి తెలుగు ఇంట్లోనూ దీని గురించే మాట్లాడుకున్నారు. ఇప్పుడు వస్తున్న పిల్లల్లో చాలామంది అప్పటికి బడికే వెళ్లలేదు, వాళ్లకు ఆ సంగతి తెలియదు.

క్లెరీ లెక్కలకు ఒక హద్దు ఉందని కూడా చెప్పండి. క్యాంపస్, దాన్ని ఆనుకున్న రోడ్లు, యూనివర్సిటీ ఆధీనంలో ఉన్న భవనాలు, అంతవరకే. మైలు దూరంలో చవగ్గా దొరికిందని నలుగురు కలిసి తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో దొంగతనం జరిగితే అది ఆ నివేదికలో కనిపించదు. ఇల్లు చూసుకునేటప్పుడు ఆ ఊరి పోలీసులు పెట్టే నేరాల మ్యాపు కూడా చూడాలి. క్యాంపస్ పోలీసుల పరిధి మాత్రం కొన్నిచోట్ల గేటు దాటి చాలా దూరం పోతుంది. షికాగో యూనివర్సిటీ పోలీసులు చుట్టుపక్కల హైడ్ పార్క్ లాంటి పేటల్లోనూ తిరుగుతారు, అక్కడ ఉండేవాళ్లలో ఎక్కువ మంది విద్యార్థులే కారు. మా చుట్టుపక్కల కుటుంబాలు కూడా యూనివర్సిటీ పోలీసుల వల్ల మేలు పొందుతున్నాయి. ఆన్‌లైన్‌లో పాత సోఫా, ఫోన్ కొనేటప్పుడు అపరిచితులను ఇంటికి పిలవకుండా పోలీస్ ఆఫీసు ముందు కెమెరాల కింద కలుసుకోవచ్చు. దానికోసమే పార్కింగ్‌లో చోటు కేటాయించిన శాఖలు చాలా ఉన్నాయి.

ఇంత చెప్పాక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. 2025 తర్వాత కూడా పోలీసుల దగ్గరికి వెళ్లమంటున్నారా అని. ఆ భయం ఉత్తది కాదు. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దయ్యాయి, వాళ్లలో పాత ట్రాఫిక్ టికెట్ తప్ప ఇంకేమీ లేనివాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో కేసులు పడ్డాక ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గి పునరుద్ధరించడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఫ్లోరిడాలో కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీల పోలీసు శాఖలు ఇమిగ్రేషన్ అధికారుల పని తామూ చేసేలా ఒప్పందాలు చేసుకున్నాయి. అంతకుముందు 2015 జులైలో సిన్సినాటి యూనివర్సిటీ పోలీసు ఒకరు క్యాంపస్ బయట, కారుకు ముందు నంబరు ప్లేటు లేదని ఆపి, శామ్యూల్ డుబోస్ అనే నల్లజాతి వ్యక్తిని కాల్చి చంపాడు. రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఇవన్నీ నిజాలు. దాచిపెట్టి పిల్లల్ని పంపడం నాకు ఇష్టం లేదు.

కానీ ఈ నిజాల వల్లే మీరు ముందుగా వెళ్లి మాట్లాడాలి. సంఘం తరఫున లిఖితపూర్వకంగా అడగండి: మీ శాఖకు ఇమిగ్రేషన్ శాఖతో ఒప్పందం ఉందా? కంప్లయింట్ ఇవ్వడానికి వచ్చినవాళ్ల వీసా స్థితి అడుగుతారా? టెక్సాస్‌లో 2017 నాటి ఎస్‌బీ 4 చట్టం పోలీసులకు ఇమిగ్రేషన్ విషయంలో చాలా అధికారం ఇచ్చింది. అయినా బాధితుల్ని, సాక్షుల్ని మాత్రం వాళ్ల స్థితి గురించి అడగకూడదని, దర్యాప్తుకు అవసరమైతేనో బాధితులకు ఉన్న వీసా రక్షణ గురించి చెప్పడానికో తప్ప అడగొద్దని అదే చట్టం చెబుతుంది. ఇది మన పిల్లల్లో ఎందరికి తెలుసు? నేరం చేసినవాడికీ నేరానికి గురైనవాడికీ తేడా ఉందని వాళ్లకు ఎవరైనా చెప్పారా? మీ రాష్ట్రంలో నియమం ఏమిటో ఇంటర్నేషనల్ ఆఫీసుతోనూ, యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచితంగా న్యాయసలహా ఇచ్చే ఆఫీసు ఉంటే వాళ్లతోనూ కూర్చుని ఓ పేజీలో రాసి పెట్టుకోండి. జవాబు బాగోకపోతే బాగోలేదనే పిల్లలకు చెప్పండి. తెలియని భయం కన్నా అది నయం.

గ్యాస్ స్టేషన్లలో, అంటే పెట్రోల్ బంకుల్లో, మన పిల్లలు చేసే పని సంగతి మాట్లాడకుండా ఈ ఉత్తరం ముగించలేను. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలి. అప్పులు చేసి వచ్చిన పిల్లలు బయట రాత్రి షిఫ్టులకు వెళ్తున్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కణతకు తుపాకీ పెట్టి కౌంటర్ ఖాళీ చేయించుకుపోయినా నోరు విప్పరు. ఓనర్‌కి కావాల్సిందీ అదే. ఆ పని చేయమని నేను చెప్పను, చేయొద్దనే చెబుతాను. కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు 911 కొట్టకుండా నీ నంబరు కొట్టే పిల్లవాడికి "ముందు పోలీసులకు చెయ్యి, తర్వాత లాయర్‌తో మాట్లాడదాం" అని చెప్పే సీనియర్‌వి నువ్వు కావాలి. అమ్మాయిల మీద దాడి జరిగినప్పుడు కూడా అంతే. పోలీసు కంప్లయింట్ ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, ఆమెకున్న దారులేమిటో యూనివర్సిటీ రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టం ఉంది. ఆసుపత్రిలో పరీక్షకు పోలీసు కేసు ఉండాలన్న షరతు లేదు, దానికి డబ్బూ అడగకూడదు. కౌన్సెలర్‌తో మాట్లాడింది గోప్యంగా ఉంటుంది. "గొడవ ఎందుకు, సర్దుకుపో" అనే మాట మాత్రం మీ నోటి నుంచి రాకూడదు.

కారు నడిపే పిల్లలకు ఇంకో సంగతి ప్రత్యేకంగా నేర్పించాలి. మన ఊళ్లో ట్రాఫిక్ పోలీసు ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి నడిచి వెళ్తాం. అది మర్యాద. ఇక్కడ అదే పని చేస్తే ప్రాణాపాయం. వెనక లైట్లు వెలగగానే కుడివైపు ఆపి, ఇంజిన్ ఆపి, రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కూర్చోవాలి. లైసెన్సు జేబులో ఉంటే "తీయమంటారా" అని అడిగాకే చెయ్యి కదపాలి. దీన్ని మాటలతో చెబితే బుర్రకెక్కదు. క్యాంపస్ ఆఫీసర్‌ని ఓ సాయంత్రం పార్కింగ్‌కి పిలవండి, మీ కారులో ఒకరిని కూర్చోబెట్టి చేసి చూపించమనండి. అడిగితే వస్తారు. ఇలాంటి వాటికోసం చాలా శాఖల్లో కమ్యూనిటీ ఆఫీసర్ అని ప్రత్యేకంగా ఒకరుంటారు. ఆడపిల్లలకు ఆత్మరక్షణ క్లాసులు, కాల్పులు జరిగితే ఏం చేయాలన్న శిక్షణ కూడా వాళ్లే ఇస్తారు. ఆ రెండోదానికి దేశమంతా వాడే పాఠాల్లో ఒకటి టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ నుంచే వచ్చింది: తప్పించుకో, అడ్డుకో, ఎదిరించు.

ఆ ఆఫీసర్‌ని ఒకసారి చూసి, గొంతు విని ఉంటే దొంగ ఫోన్లకు కూడా మోసపోరు. "యూనివర్సిటీ పోలీస్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో) తేడా ఉంది, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అనే ఫోన్లు మన పిల్లలకు వస్తూనే ఉన్నాయి. స్క్రీన్ మీద అసలు పోలీసు నంబరే కనిపించేలా చేస్తారు. ఇండియాలో అమ్మానాన్నల్ని డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టే మోసం లాంటిదే ఇది. 2023 డిసెంబరులో యూటాలో ఒక చైనా విద్యార్థిని ఇలాగే బెదిరించి, మంచులో డేరా వేసుకుని ఒంటరిగా దాక్కునేలా చేశారు. కిడ్నాప్ అయ్యాడనుకుని తల్లిదండ్రులు 80,000 డాలర్లు పంపారు. ఏ పోలీసూ ఫోన్‌లో డబ్బు అడగడు. అనుమానం వస్తే ఫోన్ పెట్టేసి, సేవ్ చేసుకున్న నంబరుకు తనే తిరిగి చేయాలి. సేవ్ చేసుకుని ఉంటేనే కదా.

తానా, ఆటా, నాట్స్ లాంటి అమెరికాలోని పెద్ద తెలుగు సంఘాలకు కూడా ఒక విన్నపం. ఏ విద్యార్థి చనిపోయినా మీరు మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి రాత్రింబవళ్లు తిరుగుతారు, విరాళాలు పోగుచేస్తారు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కుతాను. అందులో కొంచెం శ్రమ ముందు పెట్టండి. మన పిల్లలు ఎక్కువగా ఉన్న యూనివర్సిటీల పోలీసు శాఖల మామూలు నంబర్లు, ఎస్కార్ట్ నంబర్లు, ఆ ఊరి పోలీసు నంబర్లు కలిపి తల్లిదండ్రులు చదువుకోగలిగేలా తెలుగులో ఒక చిన్న పుస్తకం వేసి, హైదరాబాద్‌లో, విజయవాడలో మీరు పెట్టే ప్రయాణానికి ముందు సమావేశాల్లో చేతికివ్వండి.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జనవరిలో స్ప్రింగ్ బ్యాచ్ దిగుతుంది. మీ పికప్ షీటులో ఎయిర్‌పోర్ట్, రూము, సిమ్ అని గడులు ఉంటాయి కదా, ఇంకో గడి కలపండి. నవంబరులోనే మీ క్యాంపస్ పోలీసు శాఖకు ఈమెయిల్ పెట్టి, పది పదిహేను మందిని ఒక బ్యాచ్‌గా తీసుకొస్తామని ఓ అరగంట అడగండి. మా అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే బ్యాచ్‌ని తీసుకెళ్లే బాధ్యత నేను తీసుకుంటున్నాను.

ఇట్లు,
టెక్సాస్‌లో ఒక క్యాంపస్ పక్కన ఉంటున్న మీ అక్క